డు, ము, వు, లు: వ్యాకరణం ఎవరి గుమ్మానికి కాపలా?

అడవి అంచు అక్షరాలు – 11



ఆగస్టు 29 దగ్గరికొస్తోంది. గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఖమ్మంలో, కొత్తగూడెంలో, భద్రాచలంలో మళ్లీ మైకులు, శాలువాలు. ప్రతి ఏడూ వినే మాటే మళ్లీ వింటాం: "ఈ తరం పిల్లలకు వ్యాకరణం బొత్తిగా రావడం లేదు. తెలుగు చచ్చిపోతోంది." ఆ మాట అనేవాళ్ల ఇళ్లల్లో పిల్లలు చాలామంది ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుంటారు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ 'వ్యాకరణం రాకపోవడం' అనే నేరం ఎక్కడ పుట్టింది, ఎవరి మీద మోపారు అనేది మాట్లాడుకోవాలి. దానికి ఒకసారి ఇంగ్లండు వెళ్లి రావాలి. ఓపిక పట్టండి, తిరిగి దుమ్ముగూడెం, చర్ల దారిలోకే వస్తాను.

ఇంగ్లండులో గ్రామర్ స్కూల్ అనే పేరు విన్నారు కదా. అక్కడ 'గ్రామర్' అంటే ఇంగ్లిష్ గ్రామర్ అనుకునేరు. కాదు, లాటిన్ గ్రామర్. ఆ దేశంలో ఎవరి తల్లీ లాటిన్‌లో జోలపాట పాడలేదు. రోమ్ సామ్రాజ్యం కూలి వెయ్యేళ్లు దాటింది. అయినా బడి అంటే లాటినే. విలియం లిలీ అనే పంతులు పేరు మీద వచ్చిన వ్యాకరణాన్ని 1540ల్లో ఎనిమిదో హెన్రీ రాజు దేశం మొత్తానికి ఒకటే పుస్తకంగా ఖాయం చేశాడు. మరో పుస్తకం వాడకూడదని రాజాజ్ఞ. అటూ ఇటూ దిద్దుకుంటూ అదే పుస్తకం రెండు వందల ఏళ్లకు పైగా పిల్లల నెత్తిన కూర్చుంది. 1758లో ఈటన్ వ్యాకరణంగా పేరు మార్చుకుంది కూడా అదే.

ఆ పుస్తకంలో అసలు తమాషా చూడండి. మొదట్లో కొంచెం ఇంగ్లిష్‌లో చెప్పి, అసలు సూత్రాలన్నీ లాటిన్‌లోనే పెట్టారు. అంటే లాటిన్ నేర్చుకోవాలంటే ముందే లాటిన్ వచ్చి ఉండాలి! ఏ పదం పుంలింగమో, ఏది స్త్రీలింగమో చెప్పే పద్యాలు కూడా లాటిన్‌లోనే. ఏడెనిమిదేళ్ల పిల్లాడు అర్థం తెలియకుండా వాటిని వల్లె వేయాలి. "హిక్, హేక్, హోక్" అని విభక్తులు అప్పజెప్పాలి. పొద్దున్నే మొదలైన బడి సాయంత్రం దాకా ఇదే పని. తప్పితే బెత్తం. చాలా బడుల్లో ఆవరణలో ఇంగ్లిష్ మాట్లాడితే శిక్ష అని నియమావళిలోనే రాసుకున్నారు. తల్లి భాష మాట్లాడితే నేరం, అదీ ఇంగ్లండులో, అదీ ఇంగ్లిష్ మాట్లాడితే!

రోజర్ ఆస్కమ్ అనే ఆయన ఎలిజబెత్ రాణికి చదువు చెప్పిన గురువు. 1570లో అచ్చయిన తన పుస్తకాన్ని ఒక వార్తతో మొదలుపెట్టాడు. ఈటన్ బడిలో దెబ్బలకు భయపడి కొందరు పిల్లలు పారిపోయారన్నదే ఆ వార్త. కొట్టి నేర్పిన చదువు చదువు మీదే అసహ్యం పుట్టిస్తుందని, ఒక పాఠాన్ని లాటిన్ నుంచి ఇంగ్లిష్‌లోకి, మళ్లీ ఇంగ్లిష్ నుంచి లాటిన్‌లోకి రాయిస్తే భాష మెల్లగా వస్తుందని వాదించాడు. 1693లో జాన్ లాక్ ఇంకా సూటిగా అడిగాడు: రేపు దుకాణంలో కూర్చోబోయే పిల్లాడికి లాటిన్ ఎందుకు? వాళ్ల మాట విన్నవాళ్లు తక్కువ. బెత్తం ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? పిల్లలకు భాష రావడమే లక్ష్యమైతే ఎప్పుడో పద్ధతి మారేది. లాటిన్ అప్పుడు ఒక గుమ్మం. అది దాటినవాడు పాదిరి అవుతాడు, లాయర్ అవుతాడు, ఆక్స్‌ఫర్డ్ వెళ్తాడు. దాటనివాడు కొలిమి దగ్గరో పొలంలోనో ఉంటాడు. ఆడపిల్లలకైతే ఆ గుమ్మం దరిదాపుల్లోకే రానివ్వలేదు. షేక్‌స్పియర్ నాటకం ఒకదానిలో ఒక పిల్లాడికి లాటిన్ పాఠం అప్పజెప్పించే సీను ఉంది. పక్కనే ఉన్న పనిమనిషి ఆ వ్యాకరణ పదాలు విని ఇవేవో బూతులనుకుని పిల్లాడికి ఇవేం నేర్పుతున్నారని తిడుతుంది. ప్రేక్షకులు నాలుగు వందల ఏళ్లుగా ఆమెను చూసి నవ్వుతున్నారు. నాకైతే ఆ సీనులో తెలివైన మనిషి ఆమే అనిపిస్తుంది.

ఆ గుమ్మం ఎంత గట్టిదో చెప్పే రెండు సంగతులు మాత్రం గుర్తుపెట్టుకోండి.

మొదటిది, ఉరితాడు. పాత ఇంగ్లండులో చర్చి మనుషులకు మామూలు కోర్టు ఉరిశిక్ష వేయకూడదు. చర్చి మనిషని రుజువేంటి? చదవగలగడం. బైబిల్ కీర్తనల్లో 51వ కీర్తన మొదటి వచనం చదివి వినిపిస్తే చాలు, మొదటి తప్పుకు ఉరి తప్పేది. జనం దానికి 'మెడ వచనం' అని పేరు పెట్టుకున్నారు. నాటకకర్త బెన్ జాన్సన్ 1598లో ఒక మనిషిని చంపి కూడా ఇలాగే బయటపడ్డాడు. బొటనవేలి మీద వాత పెట్టి వదిలేశారు. ఆయన మారుతండ్రి ఇటుకలు పేర్చే మేస్త్రీ. ఎవరో దయతలిచి మంచి బడిలో చేర్పించబట్టి ఆ నాలుగు ముక్కలు నోటికొచ్చాయి. రానివాడు వేలాడాడు.

రెండోది, లీడ్స్ ఊరి తగాదా. ఆ ఊరి గ్రామర్ స్కూల్ నిధులతో ఫ్రెంచి, జర్మన్, లెక్కలు కూడా నేర్పాలని ఊళ్లోవాళ్లు అడిగారు. వ్యాపారాల ఊరు కదా, అవే కావాలి. 1805లో లార్డ్ ఎల్డన్ కుదరదన్నాడు. గ్రామర్ స్కూల్ నిధి ఉన్నది లాటిన్, గ్రీకు వ్యాకరణానికే అన్నాడు. దాన్ని సడలించడానికి 1840లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయాల్సొచ్చింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తమ ప్రవేశాలకు లాటిన్ తప్పనిసరి అనే నిబంధన తీసేసింది ఎప్పుడో తెలుసా? 1960లో.

ఇప్పుడు మన దగ్గరికి రండి.

మన వీధి బడుల్లో ఏం జరిగేది? అమరకోశం బట్టీ, పద్యాలు బట్టీ. చెప్పలేకపోతే గుంజీలు, తొడపాశం, కోదండం. కోదండం అంటే దూలానికి కట్టిన తాడు పట్టుకుని పిల్లాడు వేలాడాలి. రాముడి విల్లు పేరు పెట్టుకున్నారు ఆ శిక్షకి! 1823లో బళ్లారి కలెక్టర్ క్యాంబెల్ మద్రాసు ప్రభుత్వానికి రాసిన నివేదికలో ఇదే చెప్పాడు. పిల్లలు చదివే పద్యాల భాష వేరు, మాట్లాడే భాష వేరు, అర్థం తెలియకుండానే వల్లె వేస్తున్నారని. ఈ క్యాంబెల్ తెలుగు రాని తెల్లోడేం కాదు, 1816లోనే తెలుగు వ్యాకరణం రాసినవాడు.

ఇంకో పోలిక చూడండి. నన్నయ పేరు మీద చలామణి అయిన 'ఆంధ్రశబ్దచింతామణి' తెలుగుకు వ్యాకరణం. రాసింది మాత్రం సంస్కృతంలో. లిలీ పుస్తకం కంటే మనవాళ్లు ఒకాకు ఎక్కువే చదివారు. అక్కడ లాటిన్‌కి లాటిన్‌లో సూత్రాలు, ఇక్కడ తెలుగుకి సంస్కృతంలో సూత్రాలు.

1858లో పరవస్తు చిన్నయసూరి 'బాలవ్యాకరణం' వచ్చింది. పేరులో బాలలున్నారు. లోపల పాణిని పద్ధతిలో సూత్రాలు. పది పరిచ్ఛేదాలు. నిజం చెప్పుకోవాలి, శాస్త్రంగా అది గట్టి పని, అందులో తెలివి తక్కువేం కాదు. ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి, చిన్నయసూరి బ్రాహ్మణుడు కాదు, చాత్తాద శ్రీవైష్ణవుడు. గుమ్మం కట్టినవాడి కులం కంటే ఆ గుమ్మం ఎవరికి పనికొచ్చింది అనేదే మనం చూడాల్సింది. సరిగ్గా అదే కాలంలో తెల్ల అధికారుల కోసం బ్రౌన్ 1840లో, ఆర్డెన్ 1873లో రాసిన తెలుగు వ్యాకరణాలు జనం మాట్లాడే తెలుగును నేర్పాయి. దొరకు జనం తెలుగు, జనం పిల్లలకు గ్రంథాల తెలుగు!

గ్రంథాల తెలుగు కానిదాన్ని ఏమన్నారు? 'గ్రామ్యం' అన్నారు. గ్రామ్యం అంటే గ్రామానిది. అంటే దోషం. ఊరి మాటే దోషమైతే, ఊరికి బయట పెట్టిన వాడ మాట లెక్కలోకే రాదు కదా.

హైస్కూలు వ్యాకరణం గుర్తుచేసుకోండి. "డు, ము, వు, లు ప్రథమా విభక్తి. నిన్, నున్, లన్, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి..." ఇదే మన హిక్, హేక్, హోక్. సంస్కృతానికున్న విభక్తుల చట్రం తెచ్చి తెలుగును అందులో కూర్చోబెట్టారు. ఆ వరసలో చివరిది సంబోధన: ఓ, ఓయి, ఓరి, ఓసి. పిలవడంలో కూడా మెట్లున్నాయన్నమాట. 'ఓయి' ఎవరికి, 'ఓరి' ఎవరికి అని పుస్తకం వివరంగా చెప్పకపోయినా మనకు తెలుసు. అరవై ఏళ్ల మన తాతను పదేళ్ల పటేలు కొడుకు "ఏరా" అన్న ఊళ్లు మనవి. ఆ వ్యాకరణం మనకు బడికి పోకముందే వచ్చు.

'మహత్తు, అమహత్తు' పాఠం చూడండి. మగవాళ్లను చెప్పే పదాలు మహత్తులు. జంతువులు, వస్తువులు అమహత్తులు. ఆడవాళ్లు? ఏకవచనంలో అమహత్తుల వరసలో, బహువచనంలో మహత్తుల వరసలో. "ఆమె వచ్చింది", "ఆవు వచ్చింది", క్రియ ఒకటే. ఇది తెలుగు భాష తీరు, చిన్నయసూరి పుట్టించింది కాదు. కానీ దానికి 'మహత్తు' అని పేరు పెట్టడం మాత్రం వ్యాకరణకర్తల పనే. ఒక వరసకు గొప్పది అని పేరు పెట్టి, మిగతాదాన్ని గొప్పది కానిది అన్నారు.

ఇక సంధులు. అన్నిటికంటే ముందు చెప్పేది సవర్ణదీర్ఘ సంధి. ఉదాహరణ: రామ + ఆలయం = రామాలయం. భద్రాచలం పక్కనే ఉన్న మాకు వెతుక్కునే పని లేని ఉదాహరణ! వ్యాకరణంలో సవర్ణాలంటే ఒకే స్థానంలో పుట్టే అక్షరాలు. ఆ సంగతి పంతులు చెప్పాలి కదా. నేను హాస్టల్లో చదివేటప్పుడు మా క్లాసు పిల్లాడు లేచి "సవర్ణ అంటే ఏంటి సార్" అని అడిగాడు. "నువ్వు కానిది" అన్నాడు ఆయన నవ్వుతూ. క్లాసు నవ్వింది. వాడు ఆ తర్వాత తెలుగు పీరియడ్‌లో చెయ్యెత్తలేదు.

అసలు విషయం ఏంటంటే, ఆ పిల్లాడు బడికి రాకముందే సంధులు చేస్తున్నాడు. "వాళ్లందరూ కూలికెళ్లారు" అన్నప్పుడు రెండు సంధులు చేశాడు. వాడికి రానిది సంధి కాదు, సంధి పేరు. గసడదవాదేశం, ఆమ్రేడితం, ద్రుతప్రకృతికం అనే పేర్లు. మార్కులు పేర్లకే. తెలుగుకు సొంతమైన గొప్ప సంగతి 'మేము'కి, 'మనం'కి ఉన్న తేడా. వినేవాణ్ని కలుపుకుంటే మనం, బయట పెడితే మేము. ఇంగ్లిష్‌లో లేదు, లాటిన్‌లో లేదు, సంస్కృతంలో లేదు. ఎలక్షన్లప్పుడు "మనం మనం" అంటూ వాడకొచ్చి, గెలిచాక "మేము చూస్తాం లెండి" అనే నాయకుణ్ని పట్టుకోవడానికి ఇంతకంటే మంచి వ్యాకరణ పాఠం ఏముంటుంది? పరీక్షలో దీనిమీద ప్రశ్న వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

"మరి గిడుగు ఈ గోడ పగలగొట్టాడు కదా" అంటారు. కొట్టాడు. గురజాడ, యేట్స్ అనే స్కూళ్ల ఇన్‌స్పెక్టరు, గిడుగు కలిసి వాడుక భాష కోసం పోరాడారు. 1914లో గురజాడ మద్రాసు యూనివర్సిటీకి తన అసమ్మతి పత్రం ఇచ్చాడు. పండితులు కూడా తప్పుల్లేకుండా గ్రాంథికం రాయలేరని గిడుగు వాళ్ల రాతల్లోంచే ఎత్తి చూపించాడు. ఆ పనికి దండం పెట్టాలి. కానీ గెలిచిన వాడుక ఏది? 'శిష్ట వ్యావహారికం'. శిష్టులు అంటే చదువుకున్న పెద్ద కులాలవాళ్లు, అందులోనూ కోస్తా వాళ్లు. గుమ్మం నాలుగడుగులు జరిగింది, అంతే. తెలంగాణ యాస సినిమాల్లో కామెడీ అయింది. వాడ మాట ఆన్సర్ షీటు మీద ఎర్ర ఇంకు గీత అయింది.

నాకు గిడుగులో ఇంకా పెద్దగా కనిపించేది వేరే పని. పర్లాకిమిడిలో ఉంటూ ఆయన కొండల మీది సవరల భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు రాశాడు, సొంత ఖర్చుతో బడులు నడిపాడు, వ్యాకరణం, నిఘంటువు తయారు చేశాడు. పండితులు సవర్ణ దీర్ఘం దగ్గరే ఆగిపోయినప్పుడు ఆయన సవర పిల్లాడి దగ్గరికి వెళ్లాడు. భాషా దినోత్సవం స్టేజీల మీద ఈ సగం ఎంతమంది చెప్తారో ఈసారి లెక్కపెట్టండి.

ఎందుకంటే ఆ సగం చెబితే మన అడవి అంచు ప్రశ్న వస్తుంది. గోదావరికి ఇటు పాల్వంచ, బూర్గంపాడు నైజాంలో ఉండేవి. బడి అంటే ఉర్దూ. నైజాం బడుల్లో ఫారసీ క్రియారూపాల 'ఆమద్‌నామా' బట్టీ పట్టిన తరాలున్నాయి. అటు భద్రాచలం మద్రాసు కింద. బడి అంటే గ్రాంథిక తెలుగు, ఆపైన ఇంగ్లిష్. 1959లో భద్రాచలం డివిజన్ ఖమ్మం జిల్లాలో కలిసింది. రెండు ఒడ్డుల మీదా ఉన్న కోయ పిల్లాడికి ఈ మూడూ పరాయివే. కోయ ద్రావిడ భాష, గోండికి దగ్గర. ఆ పిల్లాడికి తెలుగు వాచకమే లాటిన్ వాచకం. దాని మీద సంస్కృతం పేర్లున్న వ్యాకరణం ఇంకో లాటిన్. ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం మూడో లాటిన్.

2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, గోండి, కొలామి, సవర లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తెచ్చింది. మంచి పని. కానీ వాచకం ఒక్కటే చాలదు, ఆ భాష వచ్చిన టీచర్ కావాలి. షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000లో వచ్చిన జీవో 3 ఆ పని కొంత చేసింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పుడు మన దళిత మిత్రుల్లో కొందరు "మంచిదే, ఇక మనకూ ఆ పోస్టులొస్తాయి" అన్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో అంబేద్కర్ సంస్కృతం చదువుతానంటే అంటరాని పిల్లాడని కాదన్నారు, ఫారసీ తీసుకోవాల్సొచ్చింది. భాష దగ్గర గుమ్మం ఎలా మూస్తారో మన నాయకుడి జీవితంలోనే ఉంది. కోయ పిల్లాడి ముందు అదే గుమ్మం మూస్తే వచ్చే ఉద్యోగం మనకు గౌరవం కాదు.

వ్యాకరణం రాకపోతే ఏం పోతుందిలే అనుకునేవాళ్లకు మెడ వచనం గుర్తుచేస్తాను. మన దగ్గర అది పోడు భూమి రూపంలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద క్లెయిమ్ ఫారం నింపాలి. పంచనామాలో "పైన ఉదహరించిన", "సదరు", "యథాతథముగా" అని రాసి వేలిముద్ర వేయించుకుంటారు. వేసినామెకు తను ఏం ఒప్పుకుందో తెలియదు. ఆదివాసులు కానివాళ్లయితే, అంటే మనమైతే, 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలు, 75 ఏళ్లు, ఆ అడవి మీద బతికినట్టు రుజువు చూపించాలి. అంటే 1930 నాటి సాక్ష్యం. వేదం వింటే శూద్రుడి చెవిలో సీసం పోయాలని గౌతమ ధర్మసూత్రం రాసుకున్న దేశంలో, అంటరానివాడికి 1930లో ఎవరు కాగితం రాసిచ్చారు? అక్షరం ఇవ్వనివాళ్ల వారసులే ఇప్పుడు ఆనాటి అక్షరం చూపించమంటున్నారు.

కాబట్టి వ్యాకరణం వద్దు అని నేను అనను. జాషువా ఉభయ భాషా ప్రవీణ పాసై, పండితుల ఛందస్సులోనే పండితుల కులాన్ని నిలదీశాడు. నేర్చుకుందాం. కానీ ఎలా నేర్పాలో మనం చెబుదాం. ఈ ఆగస్టు 29న శాలువా స్టేజీల ముందు మనం అడగాల్సినవి నాలుగు.

ఒకటి. చర్ల, దుమ్ముగూడెం, గుండాల, పినపాక లాంటి మండలాల్లో ఐదో తరగతి దాకా కోయ వచ్చిన టీచర్ ఉండాలి. కొట్టేసిన జీవో స్థానంలో నిలబడే చట్టం కావాలి. ఈ డిమాండ్ మీద దళిత సంఘాల సంతకం ముందుండాలి.

రెండు. వ్యాకరణ పాఠం పిల్లాడి నోటి మాటతో మొదలవ్వాలి. ముందు వాడు చేసే సంధి, తర్వాతే దాని పేరు. ఆస్కమ్ చెప్పిన పద్ధతి కోయకీ తెలుగుకీ మధ్య ఎందుకు పనికిరాదు? ఈ రోజు కోయలోంచి తెలుగులోకి, రేపు తెలుగులోంచి కోయలోకి.

మూడు. యాస రాసినందుకు మార్కు కోయడం ఆపాలి. ఇంటర్ సంస్కృతం పేపరు తెలుగు లిపిలోనో ఇంగ్లిష్ లిపిలోనో రాసినా ఒప్పుకుంటున్నారు కదా. దేవభాషకు ఇచ్చిన సడలింపు వాడ భాషకు ఎందుకు లేదు?

నాలుగు. సర్కారు కాగితాలు, ముఖ్యంగా భూమి కాగితాలు, వేలిముద్ర వేసే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి. కోయ గూడెంలో కోయలో చదివి వినిపించాకే సంతకం.

ఇంగ్లండులో లాటిన్ గుమ్మం దానంతటది తెరుచుకోలేదు. 1805లో అడిగితే కోర్టు కాదంది, మళ్లీ అడిగితే 1840లో చట్టం మారింది, ఇంకా అడుగుతూ పోతే 1960లో యూనివర్సిటీలు దిగొచ్చాయి. మనం మొన్న మొన్ననే అడగడం మొదలుపెట్టాం. అలిసిపోవద్దు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. డీఎస్సీకి చదివేవాళ్లు బాలవ్యాకరణం కూడా చదవండి, పూర్తిగా చదవండి. రేపు మీరే ఆ క్లాసులో నిలబడతారు. "సవర్ణ అంటే ఏంటి సార్" అని ఒక పిల్లాడు చెయ్యెత్తుతాడు. నవ్వకుండా జవాబు చెప్పండి.

వచ్చే భాగంలో పంచనామా భాష గురించి, ఒక్కో పదం విప్పుకుని చూద్దాం.

జై భీమ్.